చేను ఖాళీ అయినప్పుడు పొరుగువాడు ఏం చేశాడు?

కౌలురైతుల అర్జీలు రాసిపెడుతూ బతుకంతా గడిపిన మాస్టారి పేరిట మాట్లాడమన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చిన మనిషి మైకేల్ డేవిట్.

ఐర్లండ్ పడమటి వైపు మేయో జిల్లాలో స్ట్రేడ్ అనే ఊరు ఆయనది. కౌలు బకాయి పడ్డారని 1850లో ఆ కుటుంబాన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టేనాటికి మైకేల్‌కు నాలుగేళ్లు. పేదల శరణాలయానికి వెళితే, మూడేళ్లు దాటిన మగపిల్లలు తల్లి దగ్గర ఉండకూడదన్నారు. ఆ తల్లి పిల్లల్ని తీసుకుని బయటికొచ్చేసింది. ఇంగ్లండుకు వలసపోయారు. పదకొండేళ్లకు నూలుమిల్లులో యంత్రం పాలబడి ఆ పిల్లవాడికి కుడిచెయ్యి పోయింది.

ఆనాటి ఐర్లండ్‌లో చాలామందికి కౌలుపత్రమే ఉండేది కాదు, ఏ ఏటికాయేడు నోటిమాటే. రైతు చెమటోడ్చి చేను బాగుచేస్తే కౌలు పెరిగేది. ఒకడు కట్టలేకపోతే ఇంకాస్త ఎక్కువిస్తానంటూ పక్కవాడు సిద్ధంగా ఉండేవాడు. భూస్వామి అసలు బలం ఈ పోటీయే అని నేను నమ్ముతాను. 1845లో బంగాళాదుంపకు తగిలిన తెగులుతో వచ్చిన కరువు సుమారు పది లక్షలమందిని పొట్టనబెట్టుకుంది. మరో పది లక్షలమంది దాకా ఓడలెక్కారు. బతికి బయటపడ్డవాళ్లు 1879లో మళ్లీ పంట పోవడం చూశారు.

ఏడేళ్ల జైలు అనుభవించి వచ్చిన డేవిట్, ఆ ఏడాది ఏప్రిల్ 20న ఐరిష్‌టౌన్‌లో జరిగిన రైతుసభకు వెనక నిలిచారు. అక్టోబరులో కౌలురైతుల సంఘంగా ల్యాండ్ లీగ్ పుట్టింది, చార్లెస్ పార్నెల్ అధ్యక్షుడయ్యారు. లీగ్ అడిగినవి న్యాయమైన కౌలు, కౌలు కట్టినంతకాలం కదిలించని భరోసా, తన హక్కును అమ్ముకునే వీలు.

1880 సెప్టెంబరులో ఎన్నిస్ సభలో పార్నెల్ ఒక మాట చెప్పారు: వెళ్లగొట్టబడ్డవాడి చేను తీసుకున్నవాణ్ణి వీధిలో, అంగడిలో, చివరికి గుడిలో కూడా పలకరించవద్దని. కొద్దిరోజులకే ఆ వెలి ఎర్న్ ప్రభువు ఎస్టేటు ఏజెంటు కెప్టెన్ బాయ్‌కాట్‌కు ఎదురైంది. కోతకు కూలీలు రాలేదు, దుకాణాల్లో సరుకు ఇవ్వలేదు. అల్‌స్టర్ నుంచి యాభైమందిని సైన్యం కాపలాతో దించి కోయించారు. సుమారు 500 పౌన్ల పంటకు దాదాపు 10,000 పౌన్లు ఖర్చయింది. మన పత్రికల్లో రోజూ కనిపించే బాయ్‌కాట్ ఆయన పేరే.

ఈ ఉద్యమం ఒత్తిడితో వచ్చిన 1881 చట్టంతో పదిహేనేళ్లకు కౌలు ఖరారు చేసే అధికారం భూస్వామి చేతిలోంచి కోర్టుకు వెళ్లింది. కౌళ్లు సగటున ఐదోవంతు దాకా తగ్గాయి. కానీ బకాయిదార్లకు, అంటే అందరికన్నా చితికిపోయినవాళ్లకు, అందులో చోటు లేదు. వాళ్లకోసం 1882లో వేరే చట్టం రావలసి వచ్చింది. నాయకులు జైల్లో ఉన్నప్పుడు పార్నెల్ చెల్లెలు అన్నా, ఆమెతో ఉన్న స్త్రీలు వీధిన పడ్డ కుటుంబాలకు ఆసరాగా నిలిచి ఉద్యమాన్ని నడిపారు. వాళ్లకు దక్కవలసిన పేరు దక్కలేదు.

డేవిట్ 1906లో కన్నుమూశారు. నాలుగేళ్ల వయసులో ఏ ఊళ్లోంచి వెళ్లగొట్టారో, ఆ స్ట్రేడ్‌లోనే ఆయన సమాధి ఉంది.