పేరు, ఋణము



లినక్సు పేరు లోకమెల్ల నెఱుగును. దాని వెనుక మఱుగుపడిన మఱియొక పేరును మేము జ్ఞప్తికి తెచ్చుచున్నాము.

1983లో రిచర్డు స్టాల్మను అను అమెరికా దేశీయుడు, ఎల్లరును స్వేచ్ఛగా వాడుకొనుటకును, సవరించుకొనుటకును, పంచుకొనుటకును వీలగు ఆపరేటింగు సిస్టమును నిర్మింతునని ప్రకటించి, దానికి గ్నూ యని పేరిడెను. కొన్నియేండ్లలో కంపైలరు, షెల్లు మున్నగునవి సిద్ధమయ్యెను. యంత్రమును నడపు కెర్నెలు మాత్రము కొఱవడెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు ఒక కెర్నెలును రచించి, 1992లో దానిని గ్నూ లైసెన్సు క్రిందికి తెచ్చెను. ఇల్లు పూర్తియయ్యెను; ద్వారముపై నొక్క పేరే నిలిచెను.

తోడ్పడినవా రనేకులు, అందఱి పేర్లు చేర్చినచో నది ఆంజనేయుని వాలమగునని కొంద ఱందురు. ఆ మాటయందును నిజము కలదు. ఆండ్రాయిడులో లినక్సు కెర్నెలున్నది గాని గ్నూ పరికరములు దాదాపు లేవు. అచ్చట గ్నూ పేరు చేర్చుట యసత్యము. ఉన్నచోట దాచుటయు నంతే. డెబియనువారు 1994లోనే గ్నూ/లినక్సు అను పేరు స్వీకరించి ఋణము తీర్చుకొనిరి.

ఇది కీర్తికై తగవు మాత్రము కాదు. ఆంగ్లమున 'ఫ్రీ' యను మాట రెంటికిని ఒక్కటే. తెలుగున ఉచితము వేఱు, స్వేచ్ఛ వేఱు. గ్నూ పేరు మఱచినవాడు ఉచితమును చూచును, స్వేచ్ఛను చూడడు. చూడనిదానిని కాపాడుకొనుట యెట్లు? కావున, గ్నూ ఉన్నచోట గ్నూ/లినక్సు అని పలుకుడని మా ప్రార్థన.