కటకట నెలలకు ఇంటి లెక్క



ఇవాళ నేను విత్తనాన్ని గురించి గాని, యెరువును గురించి గాని చెప్పబోవడం లేదు. ఇంట్లో పైసలకు కటకట అయిన నెలల్లో యేం చేయాలి, యెవరిని అడగాలి, యెక్కడ జాగ్రత్తపడాలి అన్న సంగతి ముచ్చటిస్తాను. ఇది కూడా వ్యవసాయమే. చేను బాగుండి యిల్లు చితికిపోతే ఆ సేద్యానికి ఫలమేమున్నది?

మన ముప్కాల్ ప్రాంతాన్నే తీసుకుందాం. దగ్గరలోనే పోచంపాడు. 1963లో పండిత నెహ్రూ అక్కడ శంకుస్థాపన చేశారు. గోదావరికి వరద వచ్చేది కొద్ది వారాలే గదా! ఆ నీటిని ఆపి, నిలువ చేసి, పైరుకు కావలసినప్పుడు కొద్దికొద్దిగా వదులుతారు. వచ్చిన నాడే అన్ని గేట్లూ యెత్తివేస్తే యాసంగికి చుక్క మిగలదు. రైతు యింటికి పైసలు వచ్చే తీరు కూడా అంతే.

పసుపు సంగతి మీకు నేను చెప్పాలా? జూన్ నెలలో దుంప నాటితే, తవ్వి, వుడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి నిజామాబాదు యార్డుకు తోలేసరికి ఫిబ్రవరో మార్చో అవుతుంది. నడుమ సాలులో వేసిన మక్క దసరా నాటికి కాస్త ఆదుకుంటుంది. ఎర్రజొన్న పైసలు కావాలంటే మళ్లీ యెండకాలం దాకా ఆగాలి. ఖర్చులు మాత్రం ఆగవు. పసుపు విత్తనం, పిల్లల బడి ఫీజు రెండూ జూన్‌లోనే వస్తాయి. కైకిలి పైసలు వారం వారం ఇవ్వాలి. బతుకమ్మ పండుగకు ఆడబిడ్డ వస్తుంది. రోగం రొష్టు చెప్పి రావు. రాబడి యేడాదికి ఒకటి రెండు సార్లు, ఖర్చు ప్రతి నెలా. కటకటకు మూలం ఇక్కడున్నది. అది మీ తప్పు కాదు, సిగ్గుపడవలసినదీ కాదు.

ఒక్క ఆధారాన్ని నమ్ముకోవడం యెంత కష్టమో బోధన్ వైపు రైతులకు తెలుసు. అక్కడి నిజాం చక్కెర కర్మాగారం 1937లో పుట్టింది. ఎన్నో యేండ్లు చెరకు రైతుకు అదే ఆధారం. 2015 డిసెంబరులో అది మూతపడింది. గానుగ ఆగిపోతే చెరకును యేం చేసుకుంటాడు? రైతు వేరే పంటలకు మళ్లవలసి వచ్చింది. కాబట్టి రాబడికి ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, సాయానికి కూడా ఒక్క గడపనే నమ్ముకోవద్దు.

ఇక మొదటి పని. ఒక కాగితం తీసుకోండి. ఇంటాయన, యింటామె యిద్దరూ కలిసి కూర్చోండి. బడికి పోయే పిల్లవాడుంటే వాడిచేతనే రాయించండి. ఒక వైపు పన్నెండు నెలలు వేసి, యే నెలలో యెంత వస్తుంది, యెంత పోతుంది రాయండి. బీడీలు చుట్టిన పైసలు, పాల పైసలు, దుబాయి నుండి కొడుకు పంపేది, అన్నీ రాయాలి. ప్రభుత్వం నుంచి వచ్చేది కూడా రాయాలి. 2019 నుంచి అర్హులైన రైతులకు కేంద్రం యేడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా ఇస్తున్నది. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో మొదలుపెట్టిన రైతు భరోసా కింద ఎకరానికి యేడాదికి 12,000 అని నిర్ణయించింది. అయితే అది ఫలానా తేదీకే చేతికి వస్తుందని నమ్మి ఖర్చు పెట్టుకోవద్దు. వచ్చినప్పుడే లెక్కలో వేయండి.

కాగితం రెండో వైపు అప్పులు రాయండి. ఎవరికి, యెంత, యే మిత్తికి, యెప్పటికి కట్టాలి అన్న నాలుగు ముక్కలు చాలు. ఇక్కడే చిక్కు వస్తుంది. చాలా యిండ్లల్లో మగాయన చేసిన అప్పు ఆడామెకు తెలియదు, ఆమె సంఘంలో తీసుకున్నది ఆయనకు తెలియదు.

"ఆమెకు చెప్తే పరేషాన్ అయితది, ఎందుకులే" అంటాడు ఆయన.

"చెప్పకపోతేనే పరేషాన్. ఇద్దరం మోసేది నువ్వొక్కనివే ఎందుకు మోస్తున్నవు?" అంటుంది ఆమె.

ఆమె మాటే నిజం. దాచిన అప్పు లోపల పుండులాగా పెరుగుతుంది. కాగితం మీద పెట్టిన అప్పు యెంత పెద్దదైనా దానికొక అంకె వుంటుంది. అంకె వున్నదానికి వుపాయం వుంటుంది.

ఇప్పుడు మిత్తి లెక్క చూద్దాం. "నూటికి రెండు రూపాయలే గదా" అంటాం. రెండు రూపాయలన్నది నెలకు. అంటే యేడాదికి నూటికి ఇరవైనాలుగు. లక్ష రూపాయలకు యేడాదికి 24,000. ఆ మిత్తి కట్టలేక యేడాదికొకసారి కాగితం తిరగరాస్తే లక్ష కాస్తా 1,24,000 అవుతుంది. రెండో యేడు 1,53,760. మూడో యేడు తిరిగేసరికి 1,90,662. మీరు ఒక్క పైస కొత్తగా తీసుకోలేదు, అయినా మూడేండ్లలో అప్పు ఇంచుమించు రెట్టింపయింది.

అదే లక్ష బ్యాంకులోనో సహకార సొసైటీలోనో పంట అప్పుగా తీసుకుంటే? మూడు లక్షల వరకు పంట అప్పుకు మిత్తి యేడాదికి నూటికి యేడు. గడువులోగా కడితే కేంద్రం మరి మూడు తగ్గిస్తుంది. అంటే నాలుగు. లక్షకు యేడాదికి 4,000 రూపాయలు. ఇరవైనాలుగు వేలెక్కడ, నాలుగు వేలెక్కడ! ఆ తేడా ఇరవై వేలు మీ యింటి జూన్ నెల ఖర్చు కాదా?

కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో వచ్చింది. అది విత్తనాలకూ మందులకూ మాత్రమేనని చాలామంది అనుకుంటారు. అంతే కాదు. పంట ఖర్చు కింద లెక్కగట్టిన మొత్తానికి పైన నూటికి పది వంతున ఇంటి ఖర్చులకూ, పంట చేతికి వచ్చిన తరువాతి ఖర్చులకూ కలుపుతారు. సేద్యపు సామగ్రి మరమ్మతులకు నూటికి ఇరవై కలుపుతారు. మీ పంటకు లక్షన్నర అని తేలితే, యింటి ఖర్చు మొదలైనవాటికి 15,000, మోటారు, స్ప్రేయరు వగైరాల మరమ్మతుకు 30,000 చేరి, మొత్తం 1,95,000 అవుతుంది. 2025 జనవరి నుంచి రెండు లక్షల వరకు పూచీ ఆస్తి యేదీ అడగకుండా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. బ్యాంకుకు పోయినప్పుడు "ఇంటి ఖర్చు పది వంతు కలిపారా?" అని నోరు తెరిచి అడగండి. అడగడం భిక్షం కాదు, మన హక్కు.

ఇందులో ఒక మెలిక వున్నది. మాఫీ వస్తుందేమోనని కట్టకుండా కూర్చుంటే నాలుగు వంతుల మిత్తి పోతుంది, కొత్త అప్పూ పుట్టదు. 2024లో రెండు లక్షల వరకు మాఫీ జరిగింది నిజమే. కాని అది 2018 డిసెంబరు 12 నుంచి 2023 డిసెంబరు 9 దాకా వున్న అప్పులకు. మాఫీ అన్నది వడగండ్లు పడని యేడాది వంటిది. వస్తే సంతోషం. దాన్ని నమ్ముకుని సేద్యం చేయరాదు.

రెండో గడప మన అక్కచెల్లెండ్ల సంఘం. రోగమో ఫీజో వచ్చి చిన్న మొత్తం వెంటనే కావలసినప్పుడు గ్రామ సమాఖ్య ద్వారా అడగవచ్చు. 2011లో యేర్పడ్డ స్త్రీనిధి ముఖ్యోద్దేశమే అది, సంఘంలోని ఆడవారికి ఆలస్యం లేకుండా అప్పు అందించడం. అయితే ఒకరి పేరు మీద తీసి మరొకరికి ఇవ్వడం చేయకండి. రేపు కట్టలేకపోతే అప్పుతోపాటు చెలిమి కూడా చెడుతుంది.

మూడోది పండిన సరుకు. మార్చిలో అందరి పసుపూ ఒక్కసారే యార్డు మీద పడుతుంది. అడ్తిదారు దగ్గర ముందుగానే పైసలు తెచ్చుకున్న రైతు ధర చూడకుండా అక్కడే అమ్మవలసి వస్తుంది. గుర్తింపు పొందిన గిడ్డంగిలో సరుకు పెట్టి, ఆ రసీదు మీద బ్యాంకులో అప్పు తీసుకునే వీలు 2007 నాటి గిడ్డంగుల చట్టంతో యేర్పడింది. కిసాన్ కార్డు వున్న చిన్న, సన్నకారు రైతుకు ఆరు నెలల దాకా పంట అప్పు మిత్తికే అది దొరుకుతుంది. సరుకంతా పెట్టనక్కరలేదు. సగం అమ్మి బాకీ తీర్చండి, సగం నిలిపి ధర చూడండి. ధర పెరుగుతుందని యెవరూ హామీ ఇవ్వలేరు గనుక మొత్తం నిలపడమూ మంచిది కాదు.

ఇక జాగ్రత్తపడవలసిన చోట్లు. ఇంటికి వచ్చి వారం కిస్తీల మీద అప్పులిచ్చే కంపెనీలున్నవి. 2022లో రిజర్వు బ్యాంకు వీటికి కట్టుబాట్లు పెట్టింది. ఇటువంటి అప్పు ఇచ్చేటప్పుడు, యింటి అప్పుల కిస్తీలన్నీ కలిపి నెల రాబడిలో సగానికి మించకూడదు. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు దాటిన తరువాత వసూలుకు ఫోన్లు చేయరాదు, బెదిరించరాదు. ఒకరి కిస్తీ కట్టడానికి మరొకరి దగ్గర తీసుకోవడం మొదలైందంటే ఆ రోజే ఆగి, పైన చెప్పిన కాగితం ముందు కూర్చోండి. ఫోనులో నొక్కగానే అప్పు ఇస్తామనే వారిలో మోసగాండ్లు చాలామంది. అటువంటి మోసం జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఖాళీ ప్రామిసరీ నోటు మీద యెన్నడూ సంతకం గాని వేలిముద్ర గాని వేయకండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి. తగాదా వస్తే ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరున్నది. అర్హులైనవారికి వకీలు ఫీజు కూడా అక్కరలేదు.

కౌలు రైతుల సంగతి వేరు. పట్టా పుస్తకం వేరొకరి పేరున వుంటుంది గనుక బ్యాంకులో అప్పు తేలికగా పుట్టదు. ఇది మన వ్యవస్థలో వున్న లోటు, దాచవలసిన పని లేదు. నలుగురైదుగురు కౌలు రైతులు కలిసి ఉమ్మడి బాధ్యతా సంఘంగా యేర్పడి అప్పు అడిగే పద్ధతి వున్నది. ఒక్కరుగా పోతే తిప్పిపంపే చోట నలుగురుగా పోతే కూర్చోబెడతారు. విస్తరణాధికారులకు నా మనవి యిదే. రైతు వేదికలో తెగుళ్ల సంగతి చెప్పినట్లే, మే నెలలో ఒక పూట బ్యాంకు మేనేజరునూ, సొసైటీ కార్యదర్శినీ, సమాఖ్య అధ్యక్షురాలినీ పిలిపించి ఒక్కచోట కూర్చోబెట్టండి. రైతు నాలుగు గడపలు తిరిగే పని ఒక్క పూటలో తీరుతుంది. ఎవరి కాగితంలో యేమి తక్కువో అక్కడే తేలుతుంది.

మరొక్క పని. 2018 ఆగస్టు నుంచి రైతు బీమా వున్నది. పట్టా పుస్తకం కలిగి, 18 నుంచి 59 యేండ్ల మధ్య వయసు వున్న రైతు యే కారణం చేతనైనా చనిపోతే కుటుంబానికి అయిదు లక్షలు వస్తాయి. రైతు కట్టవలసినది యేమీ లేదు. కాని నామినీ పేరు సరిగా వున్నదా, ఆధార్‌లో పుట్టిన తేదీ సరిపోయిందా అన్నది ఇవాళే చూసుకోండి. తరువాత చూడవలసినది ఆడామె. ఆ వేళ ఆమెను కార్యాలయాల చుట్టూ తిప్పించవద్దు.

చివరగా మనసులో మాట ఒకటి. అప్పు వల్ల మనిషి పోడు. అప్పు గురించి యెవరికీ చెప్పుకోలేక పోతాడు. మీ పక్క చేను రైతు నాలుగు రోజులుగా బాయి కాడికి రాకపోతే, ఛాయ హోటలు దగ్గర మాట్లాడకుండా లేచిపోతుంటే, "ఏం కాకా, ఏమైంది?" అని పలకరించండి. పైసలు ఇవ్వలేకపోయినా పక్కన కూర్చోండి. బ్యాంకుకు తోడు పోండి. మనసు మరీ చీకటైతే 14416 నంబరుకు యే వేళలోనైనా ఫోను చేయవచ్చు. అవతల వినే మనిషి వుంటాడు. సేద్యం సందేహాలకు 1800-180-1551 కిసాన్ కాల్ సెంటరు వుండనే వున్నది.

పోచంపాడు నిండిన నాడు మనమందరం చూడబోతాం గదా! పసుపు పైసలు చేతికి వచ్చిన నాడు కూడా అట్లాగే ఇంటిల్లిపాదీ కూర్చోండి. ముందు యెక్కువ మిత్తి అప్పు తీర్చండి. తరువాత బ్యాంకు గడువు చూడండి. జూన్ ఖర్చుకు వేరే తీసి పెట్టండి. మిగిలిందే మీది. గేటు తాళం మీ చేతిలో వుంటే కటకట నెలలు కూడా గడిచిపోతాయి.