మురుగునీటికి దారి చూపడమూ తీర్థసేవయే

(ప్రసంగ పాఠం)



ఏ పూజ ప్రారంభించినా ముందుగా కలశంలోని జలంలోకి పుణ్యనదులను ఆవాహన చేస్తాం. తీర్థస్నానం చేయనిదే యాత్ర పూర్తి కాలేదని భావిస్తాం. నీటిని ఇంతగా ఆరాధించే మనం, మన ఇంట స్నానం చేసిన నీరు, పాత్రలు కడిగిన నీరు గడప దాటి ఎక్కడికి చేరుతున్నదో విచారించడం అరుదు. ఆ విచారణ ఒక పుణ్యనదిని ఎలా కాపాడిందో ఈనాడు మనవి చేస్తాను.

పంజాబులో సుల్తాన్‌పూర్ లోధీ అనే క్షేత్రం ఉన్నది. అక్కడ ప్రవహించే కాలీ బేయీ అనే చిన్న నదిలో స్నానమాచరించిన వేళ గురునానక్ దేవులకు జ్ఞానోదయమైనదని సిక్కుల విశ్వాసం. సుమారు 160 కిలోమీటర్లు ప్రవహించే ఆ పవిత్ర నది, గత శతాబ్దం ముగిసేనాటికి మురుగుకాలువగా మారిపోయింది. పరిసరాలలోని పట్టణాల, గ్రామాల మురుగు అందులోకే చేరేది. గుర్రపుడెక్క నీటిని కప్పివేసింది.

2000వ సంవత్సరంలో సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ అనే సాధువు తన అనుచరులతో ఆ నదిలోకి దిగారు. సిక్కులు కార్‌సేవ అని పిలిచే శ్రమదానంతో గుర్రపుడెక్కను తొలగించారు, పూడిక తీశారు, స్నానఘట్టాలు కట్టారు, తీరం వెంబడి చెట్లు నాటారు. అయితే శుద్ధి చేసిన నీటిలోకి మళ్లీ మురుగే వచ్చి చేరుతుంటే ఆ సేవ నిలిచేదెలా? నదిలోకి వదలవద్దని గ్రామస్థులకు చెప్పడం సులభం. మరి ఎక్కడికి వదలాలో కూడా చూపవలసి ఉన్నది.

దానికి సమాధానం సీచేవాల్ గ్రామంలోనే రూపొందింది. ఇళ్లలోని మురుగునీరు భూగర్భ గొట్టాల ద్వారా ఊరి చివరకు చేరుతుంది. అక్కడ బావులవంటి గుంతలను వరుసగా దాటుతుంది. ఇసుక, మట్టి అడుగున పేరుకొంటాయి. తేలియాడే జిడ్డు, చెత్త పైన ఆగిపోతాయి. ఆపై నీరు పెద్ద చెరువులో కొంతకాలం నిలుస్తుంది. ఎండ, గాలి, సూక్ష్మజీవులు మిగిలిన మాలిన్యాన్ని చాలావరకు తగ్గిస్తాయి. ఆ నీటిని మోటారుతో పొలాలకు పారిస్తారు. నదిలో గుర్రపుడెక్కను పెంచిన నత్రజని, భాస్వరమే పొలంలో పైరుకు బలమవుతాయి. అది తాగదగిన నీరు కాదు. గుంతలలోని పూడికను సకాలంలో తీయకుంటే ఆ చెరువే దుర్గంధభూయిష్ఠమవుతుంది. అందుచేత నిర్మాణంతో సేవ ముగియదు. నిత్యపూజ వలె దానిని కొనసాగించాలి.

2006లో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారు స్వయంగా అక్కడికి వెళ్లి ఈ కృషిని చూశారు. 2017లో సంత్ సీచేవాల్‌గారికి పద్మశ్రీ లభించింది.

మన పల్లెలలో ప్రతి ఇంటివారూ చేయగల పని కూడా ఒకటున్నది. అది ఇంకుడు గుంత. గొయ్యి తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, వాటిపై చిన్న రాళ్లు, గులకరాళ్లు నింపాలి. వంటింటి నీరు, స్నానపు నీరు అందులోకి పంపాలి. చెత్తను, జిడ్డును పట్టి ఉంచడానికి ముందొక చిన్న తొట్టి ఉండాలి. మరుగుదొడ్డి నీటిని మాత్రం దీనిలోకి వదలరాదు. తాగునీటి బావికి చేరువలో తవ్వరాదు. భూగర్భజలం బాగా పైన ఉన్నచోట, బండ నేలలో ఇది పనికిరాదు. అటువంటి ఊళ్లకు అందరూ కలిసి నిర్మించుకొనే శుద్ధి చెరువే తగిన మార్గం. వీధిలో నీరు నిలవకుంటే దోమలకు తావుండదు. పసిబిడ్డలకు జ్వరాల బెడద తగ్గుతుంది.

దాతలారా! మీరు అన్నదానానికి, గోపుర నిర్మాణానికి ఉదారంగా ద్రవ్యమిస్తున్నారు. మీ స్వగ్రామంలో ఒక వీధి మురుగునీటికి సరైన దారి ఏర్పరచడం కూడా అంతటి పుణ్యకార్యమే. దాని మీద మీ పేరు చెక్కిన శిలాఫలకం ఉండకపోవచ్చు. దిగువన ఎవరో యాత్రికుడు నదిలో మునిగి దోసిలితో అర్ఘ్యమిచ్చేటప్పుడు ఆ నీరు నిర్మలంగా ఉంటుంది. ఆ నిర్మలత్వంలో మీ దానఫలం ఉన్నది.

స్వస్తి.