దొంగ పేరు మోసిన దేశభక్తుడు

దేశభక్తి, యుద్ధము, ప్రేమ - ఈ మూడింటిని ఒకే కథలో ఇముడ్చుట తేలిక కాదు. యుద్ధము ముందునకు వచ్చినచో ప్రేమ వెనుకబడును. ప్రేమ పెరిగినచో దేశము మరుగునపడును. అడివి బాపిరాజుగారు ‘గోన గన్నారెడ్డి’ నవలలో ఈ చిక్కును ఎట్లు విడదీసిరో చూతము.

బాపిరాజుగారు మనకు పరాయివారు కారు. సహాయ నిరాకరణోద్యమమున చెరసాలకేగినవారు; 1934 నుండి 1939 వరకు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండినవారు; తుదినాళ్లలో మా విజయవాడ కేంద్రమునకు సలహాదారులు. 1952లో కన్నుమూసిరి.

రుద్రమదేవి ఓరుగల్లు సింహాసనమెక్కుటను సహింపని సామంతులు తిరుగుబాటుకు సిద్ధపడుదురు. గన్నారెడ్డి గజదొంగయై వారిని దెబ్బతీయును. లోకము అతనిని దొంగయనును. రాణి కొఱకే ఆ పని యని అతడు నోరు విప్పడు. పెండ్లికుమారునే ఎత్తుకొనిపోయి ఒక వివాహమును భగ్నము చేయును. ఆ పెండ్లికూతురు అన్నాంబికయే తరువాత రుద్రమదేవి కొలువు చేరి, ఆ ‘దొంగ’ను ప్రేమించును.

మెప్పు కోరని దేశభక్తి అతనిది. నిందను లెక్కచేయని ప్రేమ ఆమెది. రెండింటికిని మూలమొక్కటే - నమ్మకము. జెండా పట్టినవానిని గుర్తించుట సులభము. అపనింద మోయుచు పనిచేయువానిని, మన యింటిలోనైనను, మన యూరిలోనైనను, గుర్తింపగలమా? పుస్తకము మూసిన పిదప మనము వేసికొనదగిన ప్రశ్న ఇదియే.