తూనీగ



చిన్నతనమున తూనీగతోకకు దారము కట్టి యెగురవేయనివారు మనలో అరుదు. నేనును కట్టితిని. ఉపాధ్యాయుడనైన పిదప అదే పని చేసిన పిల్లలను బెత్తముతో కొట్టితిని. మొదటిదానికంటె రెండవదానికే నాకిప్పుడు సిగ్గు కలుగుచున్నది. ఆ పని యేల తగదో వారికి చెప్పనైతిని.

అది తోక కాదు, పొట్ట. పది కణుపులుగా నుండు ఆ పొట్ట ప్రక్కలనే దాని ఊపిరిరంధ్రములు పెక్కు గలవు. కుట్టుటకు ముల్లు లేదు. తలలో మిక్కిలి భాగము కన్నులే. పెద్దజాతులలో ఒక్కొక్క కంటియందు 20,000కు మించిన చిఱుకన్నులు గూడియుండును. కావుననే వెనుకనుండి మనము మెల్లగా చాచిన చేయి దానికి కనబడును. నాలుగు రెక్కలను వేఱువేఱుగా నాడింపగలదు. గాలిలో నిలువగలదు, చటుక్కున మళ్లగలదు. కాళ్లాఱును నడకకు పనికిరావు. వానిని బుట్టవలె ముందుకు చేర్చి, ఎగురుచున్న దోమను ఎగురుచునే పట్టి భక్షించును.

దీని బాల్యమంతయు నీటిలోనే. మడిచి దాచుకొన్న క్రిందిపెదవిని చేయివలె చాచి, దోమపురుగులను, తోకకప్పలను లాగికొనును. వెనుకభాగమున నీరు పీల్చి శ్వాసించును. ఆపద వచ్చినపుడు ఆ నీటినే వెనుకకు చిమ్మి ముందునకు దుముకును. ఈడు రాగా తుంగపోచ నెక్కి, వీపు చీల్చుకొని, రెక్కలతో వెలువడును. ఎండిన పొర ఆ పోచనంటియే యుండును.

మా యూరి గుడివెనుక నొక కుంట యుండెడిది. దోమలకు పుట్టిల్లని దానిని పూడ్చుటకు తీర్మానించిరి. ఆ కాగితముపై చేవ్రాలు చేసినవారిలో నేనొకడను. కుంట పోయినది, దోమ పోలేదు. దోమకు కొబ్బరిచిప్పలో పదిదినములు నిలిచిన నీరు చాలును. తూనీగకు చాలదు.

అయినను అన్నిజాతులకును చెఱువే యక్కఱలేదు. వానకాలమున గుంపులుగా తిరుగు పసుపువన్నె తూనీగ వాననీటి గుంటలోనే నెలన్నర, రెండునెలలలో పెరుగును. అది సామాన్యమైన ప్రాణి కాదు. ఏటేట అక్టోబరులో నివి మాల్దీవులకు వేలకొలదిగా వచ్చుట చూచి, అచ్చట పైకి కనబడు మంచినీరే అరుదుగదా, ఇవి ఎచ్చటివని చార్లెస్ ఆండర్సన్ అను జీవశాస్త్రజ్ఞుడు విచారించెను. మన దేశమునుండి ఈశాన్యపుగాలి వెంట సముద్రము దాటి తూర్పు ఆఫ్రికాకు పోవుచున్నవని 2009లో ప్రకటించెను. మరలివచ్చునవి వాని సంతతివట.

మొన్నటి వానకు మా వీథిబడి ముంగిట గుంటలో నీరు నిలిచినది. పొట్టకొనతో నీటిని మాటిమాటికి తాకుచున్న తూనీగను చూచి మా మనుమడు, “తాతయ్యా, నీళ్లు త్రాగుచున్నదా?” అని యడిగెను. గ్రుడ్లు పెట్టుచున్నదని చెప్పితిని. మఱునాడు గుంటను పూడ్చుటకు మన్ను బండి వచ్చినది. రెండునెలలు తాళుమని బండివానిని బ్రతిమాలితిని. పెద్దలనడిగి చెప్పెదనని పోయినాడు.