లెక్కకెక్కని సైకిలు మూట

(మచిలీపట్నంలో సైకిలు వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



లోపలికి వస్తూ మేము గోడకు ఆనించిన సైకిళ్ళను చూస్తూ వచ్చాము. ఒకదాని మీద చుట్టిన పరుపులు రెండు. ఒకదానికి ఇరువైపులా వలలో కట్టిన ప్లాస్టిక్ బిందెలు. మరొకదాని మీద పాత ఇనుము గోనె, దాని పైన తక్కెడ. అంటే మీరు బేరం మానుకొని సభకు రాలేదు, బేరానికి పోతూ దారిలో ఆగినారు. కనుక పైరగాలి లేచేలోపు ముగిస్తామని సభాధ్యక్షులకు ముందే మాట ఇచ్చాము.

గాలి సంగతి ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు. అయితే ఈ ప్రసంగం పత్రికలో అచ్చవుతుందని విన్నాము. సైకిలు మీద పరుపు ఎన్నడూ కట్టని వారు కూడా చదువుతారు కాబట్టి వారికోసం కొంత చెప్పుకోవలసి ఉన్నది. బూరుగు దూది పరుపు బరువు పెద్దది కాదు. ఒక మనిషి భుజాన వేసుకొని నడవగలడు. కాని అది పడవ మీది తెరచాపతో సమానం. బందరు నుండి చల్లపల్లి మీదుగా అవనిగడ్డ పోయే దారిలో మధ్యాహ్నం తిరిగాక సముద్రపు గాలి ఎడమ ప్రక్క నుండి కొడుతుంది. పరుపు గాలిని పట్టుకొని సైకిలును రోడ్డు మధ్యకు నెడుతుంది. మధ్యలో లారీలు. పులిగడ్డ వంతెన మీద అయితే దిగి నడిపించటమే గాని తొక్కిన వాడు లేడు. బరువైన వస్తువు మనిషిని అలసటకు గురిచేస్తుంది. భారీ వస్తువు, అంటే బరువు లేక చోటు మాత్రం ఆక్రమించేది, మనిషిని ప్రమాదానికి గురిచేస్తుంది. ఈ రెండింటికీ తేడా తెలిసినవాడే సైకిలు వ్యాపారి.

ఆ తెలివి ఏ బడిలోనూ చెప్పరు. బరువంతా స్టాండు చివరన పడితే ముందు చక్రం తేలుతుంది, హ్యాండిలు మాట వినదు. అందుకని మూటను సీటుకు ఆనించి, వెనుక ఇరుసుకు ముందుగా తేవాలి. ఒక ప్రక్క బిందెలు అమ్ముడుపోగానే రెండవ ప్రక్కవి సర్దుకోవాలి, లేకుంటే మలుపులో పడిపోతాము. పాత ట్యూబును పొడవుగా కోసి తాడుగా వాడుతాము. అది సాగుతుంది కనుక గతుకులలో తెగదు, సరుకును కొరకదు. గ్యాసు బండలు చేరవేసే కుర్రవాళ్ళను చూడండి. గ్యాసు 14.2 కిలోలే, కాని బండతో కలిపితే సుమారు 30 కిలోలు. ఇరువైపులా కొక్కేలకు తగిలించి సమతూకంగా పోతారు. వానాకాలంలో కాలువ గట్ల మీది నల్లరేగడి మడ్‌గార్డులో చిక్కి చక్రం తిరగదని మడ్‌గార్డులే పీకివేసిన సోదరులు కోడూరు, నాగాయలంక ప్రాంతాలలో ఉన్నారు.

మరొక దేశం మాట. 1954లో వియత్నాంలో డియన్ బియన్ ఫూ యుద్ధం జరిగినప్పుడు అక్కడి ప్రజలు సైకిలు హ్యాండిలుకు పొడవాటి వెదురు కర్ర కట్టి, సీటు దగ్గర మరొక కర్ర నిలిపి, ఒక్కొక్క సైకిలు మీద 200 కిలోలకు పైగా బియ్యం, మందుగుండు పెట్టి అడవి దారుల వెంట నెట్టుకొని పోయినారు. జార్ఖండ్ బొగ్గు ప్రాంతంలో నేటికీ అటువంటి బరువుతోనే మనుషులు సైకిళ్ళు నెడుతున్నారు. వియత్నాం సైకిళ్ళను ప్రదర్శనశాలలో దాచుకున్నారు. మన సైకిలుకు ఒక దరఖాస్తు ఫారంలో గడి కూడా దొరకలేదు. ఈ రోజు మేము మాట్లాడదలచినది ఆ గడిని గురించే.

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పని చేసి పదవీ విరమణ చేసినవారము. ఆదాయ ధ్రువపత్రాల దరఖాస్తులు ఎన్ని వందలు మా చేతుల మీదుగా పోయినవో లెక్క లేదు. వాటిలో 'వృత్తి' అని ఒక గడి ఉండేది. పరుపులు కుట్టి సైకిలు మీద ఊరూరా అమ్మే నూర్‌బాషా సోదరుడు వచ్చి నిలబడితే, "ఏం పని చేస్తావు?" అని అడిగేవారము. "పరుపులు అమ్ముతానండీ" అనేవాడు. దుకాణం ఉన్నదా అంటే లేదు. లైసెన్సు ఉన్నదా అంటే లేదు. అప్పుడు ఆ గడిలో 'కూలి' అని వ్రాసేవారము. బిందెలవానికి కూలి, పాత ఇనుమువానికి కూలి, కత్తులు సాన పట్టేవానికి కూలి. వ్రాసిన చేతులు ఇవే. అందులో దురుద్దేశం లేదు, పని తొందరగా తెమలాలన్న తొందర ఉన్నది. పైగా 'కూలి' అని వ్రాస్తే తెల్ల కార్డు సులువుగా వస్తుందని వారికి మేలు చేస్తున్నామనే అనుకున్నాము.

ఆ ఒక్క మాట ఏమి చేసిందో తరువాత తెలిసింది. సుమారు పదిహేనేళ్ళ క్రితం ఒక సోదరుడు, పేరు చెప్పము, గుడివాడ వైపు పల్లెలలో పరుపులు అమ్మి, మిగిలిన ఒక్క పరుపుతో మగ్రిబ్ వేళ దాటాక తిరిగి వస్తున్నాడు. వెనుక నుండి ఒక వాహనం కొట్టింది. సైకిలు వెనుక మడ్‌గార్డుకు ఎర్ర అద్దం ఉన్నది. కాని దాని మీదుగా పరుపు వేలాడుతున్నది. డ్రైవరుకు చీకటిలో నల్లని మూట తప్ప ఏమీ కనబడలేదు. తొడ ఎముక విరిగింది. మనిషి బ్రతికినాడు, అల్‌హమ్‌దులిల్లాహ్. మరల సైకిలు తొక్కలేదు.

నష్టపరిహారం కోసం కేసు వేశారు. తాను పరుపుల వ్యాపారినని, నెలకు ఇంత మిగులుతుందని చెప్పుకున్నాడు. ఎదుటి పక్షం వకీలు రెండు కాగితాలు తీశారు. రేషను కార్డులో కూలి. ఆదాయ ధ్రువపత్రంలో కూలి. "వ్యాపారివైతే కాగితం ఏది?" అన్నారు. దూది అప్పు తెచ్చిన దుకాణంలో చిట్టా ఉన్నది గాని అది ఆ సోదరుని పేరున లేదు. భార్య, ఇద్దరు చెల్లెళ్ళు ఇంటి వద్ద గలేబులు కుట్టేవారు, వారి శ్రమకు అసలే లెక్క లేదు. చివరకు కూలివాని లెక్కన కొంత మొత్తం వచ్చింది. ఆ ధ్రువపత్రం మీది చేతివ్రాతను మేము చూశాము. అది మాది కాకపోవచ్చు, మా ప్రక్క బల్లవారిది కావచ్చు. కాని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఆ సోదరునికి ఆలస్యమైంది గాని, 2014 జనవరిలో సుప్రీంకోర్టు సయ్యద్ సాదిక్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. కర్ణాటకకు చెందిన కూరగాయల వ్యాపారి ఆయన. రోడ్డు ప్రమాదంలో కాలు పోయింది. ఆదాయానికి కాగితం లేదు. అసంఘటిత రంగంలో సొంతంగా వ్యాపారం చేసుకునేవాడు ఆదాయానికి పత్రాలు చూపాలని ఆశించటం తగదని ధర్మాసనం భావించి, నెలకు 6,500 రూపాయల ఆదాయంగా లెక్కించింది. మీ వకీలుకు ఈ కేసు పేరు చెప్పండి. ఆయనకు తెలిసే ఉంటుంది, అయినా చెప్పండి. కొట్టిన బండి ఆగకుండా పోయి, ఏ బండో తెలియకపోయినా దారి ఉన్నది. 2022 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న పథకం క్రింద మరణిస్తే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ఇవ్వాలి. పోలీసు స్టేషనులో ఫిర్యాదు నమోదు చేయించకుండా "పోనీలే, అల్లాహ్ చూసుకుంటాడు" అని ఇంటికి వచ్చేవారు మనలో ఎక్కువ. తవక్కుల్ అంటే ముందు ఒంటెను కట్టివేసిన తరువాతి మాట అని చిన్నప్పుడు మద్రసాలో మనకు నేర్పినారు.

2014లోనే పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. ఒకచోట కూర్చొని అమ్మేవారు, తిరుగుతూ అమ్మేవారు ఇద్దరూ ఆ చట్టంలో ఉన్నారు. తిరుగుడు వ్యాపారికి వేరుగా ధ్రువపత్రం ఇవ్వవచ్చునని స్పష్టంగా వ్రాసి ఉన్నది. ఐదేళ్ళకు ఒకమారైనా సర్వే జరగాలి. పట్టణ వీధి వ్యాపారుల కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి, వారిలో మూడవ వంతు స్త్రీలు ఉండాలి, మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. మరి సర్వేకు వచ్చినవారు ఎవరిని లెక్కిస్తారు? బండి నిలిచి ఉన్నవాడిని. పొద్దున ఆరింటికే సైకిలు కట్టుకొని ఊరు దాటిన వాడు పదకొండు గంటలకు వచ్చే ఉద్యోగికి ఎట్లా కనబడుతాడు? మేము ఉద్యోగం చేసినవారమే కనుక ఆ పదకొండు గంటల సంగతి మాకు బాగుగా తెలుసు.

ఇంకొక చిక్కు ఉన్నది. ఆ చట్టం పట్టణాలకు చేసినది. బందరులో, గుడివాడలో పురపాలకులు ధ్రువపత్రం ఇస్తారు. కాని మన వ్యాపారం జరిగేది పల్లెలలో. కోడూరు పంచాయతీలో ఎవరైనా "నీవెవరు, ఏ ఊరు, ఎందుకు తిరుగుతున్నావు?" అని సైకిలు ఆపితే చూపటానికి ఏమున్నది? ఈ ప్రశ్న ఇదివరకు లేదు. దూదేకే విల్లు భుజాన కనబడితే చాలు, "సాయిబు వచ్చాడు, పరుపు ఏకించాలి" అని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చినవి ఆ పల్లెలే. ఎదురుమొండి పోవటానికి ఏటిమొగ వద్ద పంటెక్కితే, సైకిలుకు చోటిచ్చి మూటను పట్టుకున్నది తోటి ప్రయాణికులే. నేడు ఫోనులో ఎవరో పంపిన వార్త చూసి, పిల్లలనెత్తుకుపోయేవారని, దొంగలని అనుమానించే రోజులు వచ్చినవి. పాత ఇనుము కొనేవారికి ఈ బాధ మరీ ఎక్కువ. ఊరిలో ఒక మోటారు పోతే మొదట వారి గోనె విప్పించి చూస్తారు. గడ్డం ఉంటే ఇంకొక ప్రశ్న ఎక్కువ. ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన అనుమానం పోదు. అయితే ఫోటో, ముద్ర ఉన్న కాగితం ఒకటి చేతిలో ఉంటే మాట నిలకడగా వస్తుంది. మాట నిలకడగా వస్తే సగం గొడవ అక్కడే ఆగుతుంది.

ప్రభుత్వాన్నే అనటం న్యాయం కాదు. 2007లో పి.ఎస్. కృష్ణన్ గారి నివేదిక మీద బి.సి. ఇ జాబితా తయారైనప్పుడు అందులో చేరినవారు ఎవరు? అత్తరు అమ్మేవారు, తిరుగళ్ళకు కక్కు కొట్టేవారు, గారడీవారు, ఫకీర్లు. తిరిగి బ్రతికేవారే. దూదేకుల వారు అంతకు ముందునుండే బి.సి. బి జాబితాలో ఉన్నారు. ఆ జాబితాల వలన చదువుకొని ఉద్యోగాలకు వచ్చిన మన పిల్లలు పెళ్ళి సంబంధాల దగ్గర "మా అబ్బా బిజినెస్" అంటారు. ఏ బిజినెస్ అని అడిగితే నేల చూస్తారు. సైకిలు మీద తిరిగేవానికి పిల్లనివ్వమని మొహల్లాలో బాహాటంగా అనేవారిని మేము విన్నాము. వారు జుమా ఖుత్బాలో కట్టెలమోపు మోసి అమ్ముకున్నవాడు యాచించేవానికంటే మేలన్న హదీసు విని తల ఊపినవారే.

సైకిలు పోయి టీవీఎస్ ఎక్సెల్ వచ్చింది కదా, ఇంకా ఈ మాటలెందుకని కొందరు యువకులు అడిగినారు. వచ్చింది, మంచిదే. అయితే ఒక మాట. సైకిలు మోటారు వాహనం కాదు, దానికి లైసెన్సు, బీమా అడిగేవారు లేరు. అదే మూటను ఎక్సెల్ మీదికి మార్చిన రోజున లైసెన్సు, రిజిస్ట్రేషను, బీమా మూడూ ఉండాలి. ఫైనాన్సు వాయిదా కట్టి బీమా కట్టని వారు మనలో ఉన్నారు. మీ బండి ఎవరినైనా కొడితే ఆ పరిహారం మీ ఇంటి మీద పడుతుంది. కొట్టబడినవాడు సైకిలు మీది మన సోదరుడే కావచ్చు కూడా.

ఇక పని సంగతి. మా బజారు కమిటీ ఒక రిజిస్టరు తెరిచింది. పేరు, ఊరు, ఏ సరుకు, ఎన్నేళ్ళుగా, ఏయే పల్లెలకు, సరుకు ఎక్కడ తెస్తారు, ఇంటిలో కుట్టేవారు, కట్టేవారు ఎవరు. స్త్రీల పేర్లు వేరే వరుసలో కాదు, అదే వరుసలో వ్రాస్తాము. 'వృత్తి' గడిలో మీరు ఏది చెబితే అది. పరుపుల వ్యాపారి అంటే పరుపుల వ్యాపారి. ఈ రిజిస్టరు ప్రతిని తిరుగుడు వ్యాపారుల ధ్రువపత్రాల కోసం బందరు నగరపాలక సంస్థకు, గుడివాడ పురపాలక సంఘానికి అర్జీతో సహా ఇస్తాము. దివిసీమ పంచాయతీలకు చట్టం వర్తించకపోయినా, సర్పంచుల సంతకంతో పరిచయ పత్రం అడుగుతాము. కొందరు ఇవ్వరు. ఇచ్చిన వారి దగ్గర మొదలుపెడతాము. కార్డులో 'కూలి' అని ఉన్నవారు మార్పు కోసం దరఖాస్తు వ్రాయించుకోవాలి. అది మేము ఉచితంగా వ్రాస్తాము. మా బాకీ అది.

రేపు జుమా నమాజు తరువాత మసీదు వరండాలో బల్ల వేసుకొని కూర్చుంటాము. ఆధార్ కార్డు, రెండు ఫోటోలు తేవలెను. సైకిలు కూడా తేవలెను, సరుకు కట్టి ఉన్నా సరే. ఎర్ర రంగు మెరుపు పట్టీలు కొన్ని చుట్టలు కొని ఉంచాము. మడ్‌గార్డుకు అంటించే పని లేదు, దానిని ఎట్లాగూ మూట కప్పివేస్తుంది. గోనెకు, పరుపు చుట్టిన గుడ్డకు, బిందెల వలకు, అన్నిటికంటె వెనుకగా వచ్చే చోట కుట్టాలి. ఎంత పొడవు కావాలో మూటను చూసి కోస్తాము. సూది దారం పట్టుకొని కుట్టటానికి పరదా వెనుక కూర్చున్న మా చెల్లెళ్ళు నలుగురు వస్తామన్నారు. వారిలో ఒకరు ఆ పరుపుల సోదరుని భార్య.