వాతెర వన్నె



పెదవికి మన భాషలో మోవి యనియు, వాతెర యనియుఁ బేళ్లు గలవు. వాయికి, అనఁగా నోటికిఁ దెర వంటిది గావున వాతెర. సంస్కృతమున దీనిని రదనచ్ఛద మనియు, దశనవాసస్సనియు నందురు. దంతములను గప్పు వస్త్రమని యర్థము. ఈ పేళ్లు పెట్టిన పెద్దలు పెదవిని వట్టి యలంకారస్థానముగాఁ గాక, మెత్తని గుడ్డవలె మడఁతలు పడుచు విప్పారుచునుండు నొక పొరగాఁ జూచిరి. నేఁటి విషయమున కీ పోలిక మిక్కిలి యక్కఱకు వచ్చును. పెదవులకుఁ బూసిన రంగు గీతలలోనికి దిగి, యంచులు దాఁటి, సన్నని యెఱ్ఱని వేళ్లవలెఁ బ్రాఁకుటకుఁ గారణ మేమి, దానికిఁ జేయఁదగిన దేమి యనునదే యీ ప్రసంగ విషయము.

వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన పంతులున కీ గొడవ యేల యని మీలోఁ గొందఱు నవ్వుకొనవచ్చును. నాయొద్దఁ జదివిన బాలిక లిప్పు డేఁబది యేండ్లు దాఁటిన గృహిణులు, ఉపాధ్యాయినులు, కచ్చేరి యుద్యోగినులు. వారిలో నొకతె పెండ్లికిఁ బోవుచుఁ బెదవులకు రంగు పూసికొనఁగా, “ఈ వయస్సున నీకేల?” యని యింటివారే గేలిచేసిరఁట. అంగడికిఁ బోఁగా నచటి వర్తకుఁడు, “ఈ గొట్టము కొన్నచో గీతలే మాయమగును” అనెనఁట. ఒకరి మాట మనస్సును నొప్పించినది. రెండవవాని మాట డబ్బును హరించినది. ఈ రెంటి నడుమ నిజమేదో చెప్పుట యుచితమని తోఁచి దీనికిఁ బూనుకొంటిని.

పెదవికి వన్నె దిద్దుట క్రొత్త వేడుక గాదు. కాళిదాసు కుమారసంభవము సప్తమ సర్గమునఁ బార్వతీదేవి పెండ్లి యలంకారమును వర్ణించుచు, రేఖచే విభక్తమైన యామె క్రింది పెదవి వన్నె మధూచ్ఛిష్టముచే నించుక తేటపడినట్లు చెప్పినాఁడు. మధూచ్ఛిష్ట మనఁగాఁ దేనె పిండఁగా మిగిలిన మైనము. ఈ కావ్యమునకు సంజీవనీ వ్యాఖ్యను రచించిన మల్లినాథసూరి మన మెదకు సీమలోని కొలిచెలమ వాఁడని ప్రసిద్ధి. పెదవి, రేఖ, మైనము అను మూఁడును నాఁటి కవి యొక్కచోటనే చేర్చినాఁడు. నేఁడు లిప్‌స్టిక్ అని పిలువఁబడు రంగుపుల్లలోను మైనమే ముఖ్యము.

ఆ పుల్లలో మూఁడు వస్తువులు ప్రధానములు: మైనము, నూనె, రంగుపొడి. తేనెమైనము 62 మొదలు 64 డిగ్రీల సెంటిగ్రేడు వేఁడికిఁ గరఁగును. బ్రెజిలు దేశమున నొక తాళజాతి చెట్టు ఆకులనుండి తీయు కార్నోబా మైనము 80 డిగ్రీలు దాఁటినఁ గాని కరఁగదు. ఇక నూనెలలోఁ బేరుపడినది మన యాముదమే. నల్లగొండ, మహబూబునగరు మెట్టచేలఁ బండు నాముదము చిక్కనిది, మెఱుఁగు గలది యగుటచే రంగుపుల్లలఁ జేయువారి కది యిష్టమైనది. మైనము పుల్లను నిలువఁబెట్టును. నూనె దానిని పెదవిపై జాఱించును. నూనె హెచ్చైనచో రంగు ప్రాఁకును. మైనమును పొడియు హెచ్చైనచో నెండి పగిలి గీతలను మఱింతగాఁ జూపును.

ఇఁకఁ బెదవి స్వభావమును జూతము. ముఖచర్మముకంటెఁ బెదవి పొర పలుచన. లోపలి నెత్తురు పైకిఁ గనఁబడుటచేతనే దానికి సహజమైన యెఱుపు. దానికిఁ జెమటగ్రంథులు లేవు, చమురుగ్రంథులును లేనట్లే. కావున త్వరగా నెండును. నోటిచుట్టు నొక కండరము సంచినోటి త్రాటివలెఁ జుట్టుకొనియుండును. మాటలాడునపుడు, ఊదునపుడు, త్రాగునపుడు నది ముడుచుకొనును. బాల్యమునఁ జర్మము వెంటనే సాఁగి పూర్వస్థితికి వచ్చును. వయస్సు వచ్చిన కొలఁది సాఁగు గుణము తగ్గి ముడుత నిలిచిపోవును. ఎండయుఁ, బొగాకుపొగయు దీనిని ద్వరపెట్టును.

ఈ గీతలు దీపపు వత్తిలోని పోగుల సందులవంటివి. ప్రమిదలోని నూనె వత్తిని బట్టి యెట్లు పైకిఁ బ్రాఁకునో, యొంటి వేఁడికి మెత్తఁబడిన రంగునూనెయు నట్లే సన్నని గీతలవెంటఁ బ్రాఁకును. పొడి దానివెంటఁ బోవును. పూసికొన్నవారి లోప మిందేమియు లేదు, ఇది పదార్థధర్మము.

దీని కుపాయమును శ్రీకాళహస్తి కలంకారీ పనివారు మనకుఁ జూపుచున్నారు. వారు గుడ్డపైఁ గలము పెట్టుటకు ముందే దానిని కరక్కాయ కలిపిన పాలలోఁ దడిపి యెండఁబెట్టుదురు. పాలలోని క్రొవ్వు పోగులఁ బట్టి యుండుటచే రంగు గీఁత దాఁటి వ్యాపింపదు. గుడ్డకుఁ బాలు చేయు నుపకారమును బెదవికి మైనము చేయును. చేయవలసిన క్రమ మిట్లుండును.

మొదటిది, ముందునాఁటి రాత్రి పెదవులకు వెన్నగాని, నేయిగాని, వాసెలినుగాని పలుచగా రాయవలయును. మఱునాఁడు తడిగుడ్డతో మెల్లగాఁ దుడిచినచో నెండిన పొట్టు దానంతట నదియే పోవును. గోటితోఁ జీల్చరాదు, గట్టిగా రుద్దరాదు. నాలుకతో మాటిమాటికిఁ దడుపుటయు మంచిది గాదు. ఆ తడి యాఱిపోవునపుడు పెదవి మునుపటికంటె నెక్కుడుగా నెండును.

రెండవది, రంగు పెట్టుటకు ముందు జిడ్డును నొత్తి తీసివేయవలయును. జిడ్డుపైఁ బెట్టిన రంగు నిలువదు.

మూఁడవది, రంగులేని మైనపుఁ బెన్సిలు నేఁ డంగళ్లలో దొరకును. దానితోఁ బెదవి యంచునకు వెలుపల సన్నని గీఁత గీయవలయును. ఇదియే చేనికి గట్టు. పిదపఁ బెదవిరంగునకు సరిపడు పెన్సిలుతో నంచును దిద్దవచ్చును.

నాలుగవది, రంగును పుల్లతోఁ దట్టముగా రుద్దక, చిన్న కుంచెతో నడుమనుండి యంచులకుఁ బలుచగాఁ బూయవలయును. మెత్తని కాగితమును బెదవుల నడుమ నుంచి యద్దవలయును. అద్దినపుడు హెచ్చు నూనె కాగితమునకుఁ బోయి, రంగు పెదవిపై మిగులును. పిదప రెండవ పూఁత మఱింత పలుచగా వేయవలయును. రెండు పలుచని పూఁతలు ఒక్క దట్టపుఁ బూఁతకంటె మేలు.

అయిదవది, ఎంపిక. మిక్కిలి తళతళలాడు రంగు ప్రాఁకును; మిక్కిలి పొడిగా నుండు రంగు చిట్లును. నడిమి తరగతి వయసు పెదవులకుఁ దగినది. ముదురు రంగు ప్రాఁకినచో దూరమునకే తెలియును; తన పెదవి వన్నెకు దగ్గఱి రంగు ప్రాఁకినను గనఁబడదు. చీటీపైఁ జేసినవారి పేరును, గడువు తేదియు లేని సరకును గొనరాదు. భోజనానంతరము పులిహోర నూనె, యావకాయ నూనె రంగును గరఁగించును. అప్పుడు పాత రంగుపైఁ గ్రొత్తది వేయక, యంతయుఁ దుడిచి మరలఁ బూయవలయును.

ఇంత చేసినను గీతలు మాయమగునా? కావు. లేపనములు కొన్ని గంటలు వానిని నింపి కప్పఁగలవు. వైద్యులు సూదిమందులతోను, లేజరు కిరణములతోను గొంత సవరింపఁగలరు గాని, దానికి ఖర్చును గలదు, ప్రమాదమును గలదు. చర్మవైద్యుని యొద్దఁ గాక యలంకారశాలలలోఁ జేయించుకొనరాదు. ఎండకుఁ బోవునపు డెండనాఁపు లేపనము రాచికొనుట, పొగ మానుట యనునవియే ముందుముందు గీతలు హెచ్చకుండఁ జేయు నిజమైన యుపాయములు.

ఒక్క మాట గట్టిగాఁ జెప్పవలసియున్నది. మన యుత్తరకోస్తాలో స్త్రీలు చుట్టను నిప్పువైపు నోటిలోనుంచి కాల్చు నడ్డపొగ యలవాటు గలదు. 1971లో వెలువడిన యొక పరిశోధన 10,169 మంది గ్రామస్థులఁ బరీక్షించి, దానివలనఁ దాలువున కలుగు వికారములను వివరించినది. తాంబూలపు టెఱుపు మనకుఁ బ్రియమైనదే. కాని వక్క కాన్సరును గలిగించునని 2004లో నంతర్జాతీయ కాన్సరు పరిశోధనసంస్థ ప్రకటించినది. కావునఁ బెదవిపైఁ గాని, నోటిలోఁ గాని రెండు మూఁడు వారములైనను మానని పుండో, తెల్లని మచ్చయో కనఁబడినచో దానిపై రంగు పూసి దాఁచరాదు. వెంటనే వైద్యునకుఁ జూపవలయును. గీఁతను గప్పుట వేడుక. పుండును గప్పుట ప్రాణాపాయము.

ప, ఫ, బ, భ, మ లోష్ఠ్యములని బాలురకుఁ జెప్పుచు వచ్చితిని. పెదవులు గలియనిదే ‘అమ్మ’ యను మాటయే పలుకదు. బిడ్డల లాలించిన మాటలు, పాఠములు చెప్పిన మాటలు, నవ్వులు, పొయ్యి నూఁదిన యూర్పులు, ఇవి యన్నియు నా గీతలఁ దీర్చినవి. వానిని జూచి సిగ్గుపడ నక్కఱలేదు. వానిపై నించుక వన్నె దిద్దుకొనుటకును సిగ్గుపడ నక్కఱలేదు. అలంకారమునకు వయఃపరిమితి విధించుట కింటివారి కధికారము లేదు. గీతలు మాయమగునని యమ్ముటకు వర్తకునకు నధికారము లేదు. ఈ రెండును దెలిసికొని, మైనమును మితముగాను, రంగును బలుచగాను వాడుకొందురు గాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.